తెల్ల చార మీద పసుపు చుక్క

నేను జెండాలు కుట్టే చోట పనిచేసి మానేశాను. ఈ సంగతి ఇంట్లో ఒకసారి "రిటైరయ్యాను" అని చెబితే మా అత్తయ్య పప్పుగుత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది. "ముప్ఫై రెండేళ్ళకి రిటైరైతే పింఛను ఎవరిస్తారే నీకు? వీడా?" అంటూ ఉయ్యాల వైపు చూపించింది. వీడు అంటే మా అబ్బాయి. వాడికి ఇంకా బోర్లా పడటం కూడా రాదు.

మళ్ళీ ఆ పనికి వెళ్తానని అనిపించడం లేదు. వెళ్ళనని గట్టిగా చెప్పడానికీ నోరు రావడం లేదు. మొన్న మా యజమాని వీర్రాజు గారు ఫోన్ చేసి, నా బల్ల దగ్గరికి కొత్తగా డిగ్రీ చదివిన ఒక అమ్మాయి వస్తోందనీ, ఆమెకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసి పంపమనీ అడిగారు. పగలు వీడితో కుదరదు కాబట్టి వీడు పడుకున్నాక రాస్తున్నాను. మధ్యలో లేస్తే ఎక్కడ ఆపానో నాకే గుర్తుండదు. అతుకులు కనబడితే సర్దుకో.

జీతం, సెలవులు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇవన్నీ నీకు మొదటి వారంలోనే తెలుస్తాయి. నేను పని గురించి చెబుతాను. నాకు తేలిన విషయాలు కొన్నే. తేలనివి ఎక్కువ. వాటిని కూడా రాస్తున్నాను, నీకేమైనా తేలతాయేమోనని.

రంగు ఎక్కడ చూడాలి

మన షెడ్డు ఒకప్పుడు బియ్యం గోడౌను. మండపేటలో గోడౌన్లకు కొరత లేదు కదా. వానాకాలం గోడలకు చెమ్మ పడితే ఇప్పటికీ తవుడు వాసన వస్తుంది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ తానులు విడివిడిగా వస్తాయి. కటింగ్ మాస్టారు వాటి అంచులు తీసేసి కొలతకు కోస్తారు. కుట్టేవాళ్ళు మూడు ముక్కలనూ కలిపి కుట్టి, ఒక పక్కన తాడు దూర్చడానికి మడత కుడతారు. తర్వాత తెలుపు మధ్యలో రెండు వైపులా నీలం చక్రం అచ్చు వేస్తారు. చివరికి నీ బల్ల మీదకు వస్తుంది. నీ ఉద్యోగానికి కాగితం మీద ఏదో ఇంగ్లీషు పేరు ఉంటుంది గానీ అసలు పని చూడటం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడటమే.

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. రంగుల గురించి నాకు కొంత తెలుసనుకుని వచ్చాను. బీరువాలో నమూనా ముక్కలు ఉంటాయి. కాషాయం అంటే ఆ కాషాయమే, మన ఇష్టం కాదు. మొదటి రోజుల్లో ఒక తాను నుంచి చిన్న ముక్క కోసి, నమూనా పక్కన పెట్టి, ట్యూబులైటు కింద చూసి సరిపోయిందన్నాను. కటింగ్ మాస్టారు సుబ్బారావు గారు ఆ రెండు ముక్కలూ తీసుకుని గుమ్మంలోకి నడిచారు. బయటి వెలుతురులో అవి రెండూ అన్నదమ్ముల్లా కాదు, ఇరుగుపొరుగులా ఉన్నాయి. "లైటు కింద ఎగిరే జెండా ఎక్కడైనా ఉందా అమ్మా?" అన్నారు మాస్టారు.

కాబట్టి గుమ్మంలో చూడు. ఎండ నేరుగా పడే చోట కాదు, నీడలో, కాఫీ టైముకు ముందు. అప్పుడు కళ్ళు అలిసిపోకుండా ఉంటాయి.

రంగును ఎప్పుడూ ఫోన్‌లో చూసి ఒప్పుకోకు. ఇది వీర్రాజు గారి అనుభవం. ఆయన మంచి మనిషి, కానీ తొందర ఎక్కువ. ఒకసారి కాషాయం తాను ఫొటో తీసి కొనేవాళ్ళకి వాట్సాప్‌లో పంపారు. వాళ్ళు బొటనవేలు బొమ్మ పెట్టి సరేనన్నారు. జెండాలు చేరాక చూస్తే ఇది కాషాయం కాదు, ఇటుక పొడి అని తిప్పి పంపారు. వీర్రాజు గారు తన ఫోన్ చూపిస్తారు, వాళ్ళు తమ ఫోన్ చూపిస్తారు. రెండు ఫోన్లలోనూ రెండు రంగులు. బట్టది మూడో రంగు. ఎవరిది నిజమో అక్కడ నిలబడ్డ ఎవరికీ తెలియలేదు.

ఆకుపచ్చతో వేరే గొడవ. మన వైపు మనుషులకు పచ్చ అంటే ఒక రంగు కాదు. తానులు దింపే లారీ మనిషి కూడా ఆగి మరీ తీర్పు చెప్పి పోతాడు, ఇది నారుమడి పచ్చ అనీ, కాదు ఇది చేను పొట్టకొచ్చినప్పటి పచ్చ అనీ. నమూనా ముక్కతో సరిపోయేది, నాట్లు వేసి నెల దాటి, యూరియా పడ్డ చేను పచ్చ అని మన కుట్టేవాళ్ళు తేల్చారు. నాకు అది నమూనా ముక్క కంటే బాగా గుర్తుండిపోయింది. బస్సులో వస్తూ కిటికీలోంచి సరిచూసుకునేదాన్ని.

చక్రం సంగతి తేలిక. జెండాను వెలుతురుకు అడ్డంగా పట్టుకో. ముందు వైపు ఆకులు, వెనక వైపు ఆకులు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కొంచెం తేడా వచ్చినా చక్రం తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. తిరగాలనే కదా చక్రం పెట్టింది అని వీర్రాజు గారు వాదిస్తారు. ఒప్పుకోకు.

అర్థాలు రాయమన్నారు

ప్రతి జెండాతో పాటు రంగుల అర్థం చెప్పే చిన్న కాగితం ఒకటి పెడితే బాగుంటుందని వీర్రాజు గారికి తోచింది. చదువుకున్నదాన్ని కాబట్టి రాయమని నాకు చెప్పారు. అరగంట పని అనుకున్నాను.

స్కూల్లో చదివింది రాశాను. కాషాయం త్యాగం, తెలుపు శాంతి, ఆకుపచ్చ పాడిపంటలు. ఒకసారి సరిచూద్దామని వెతికితే కాషాయానికి ధైర్యం, బలం అని ఉంది. త్యాగమా, ధైర్యమా అన్నది తేలక ద్రాక్షారామంలో ఉండే వీర్రాజు గారి బావగారిని అడిగాను. ఆయన సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మొదట్లో ఒక్కో రంగూ ఒక్కో మతం వాళ్ళది అనుకునేవారనీ, తర్వాత పెద్దవాళ్ళు అలా కాదు, ఇవి గుణాలు అని తేల్చారనీ ఆయన చెప్పారు.

అంటే రంగులు అవే ఉండి అర్థాలు మారాయన్నమాట అన్నాను.

"రంగులు మాత్రం అవే ఉన్నాయని ఎవరన్నారమ్మా? ముందు తెలుపు పైన ఉండేది. కాషాయం చోట ఎరుపు ఉండేది. చక్రం చోట రాట్నం" అన్నారాయన.

నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ కాగితం వంక చూశాను. రంగు మారింది, వరస మారింది, అర్థం మారింది. అయినా అది మన జెండానే అని మనకు ఎలా తెలుస్తోంది?

షెడ్డులో మధ్యాహ్నం భోజనాల దగ్గర, రాసినంత వరకూ అందరికీ చదివి వినిపించాను. ఇక్కడ నీకు సత్యవతిని పరిచయం చెయ్యాలి. సత్యవతక్క యాభై దాటిన మనిషి. తాడు మడత ఆవిడ కుట్టినట్టు ఇంకెవరూ కుట్టలేరు. గాలికి జెండా బలమంతా ఆ మడత మీదే పడుతుంది. ఆవిడ కుట్టింది చినిగిందని ఒక్క జెండా కూడా తిరిగి రాలేదు. నాకంటే వయసులో ఎంత పెద్దదైనా నన్ను అమ్మాయిగారూ అని, అండి పెట్టి పిలిచేది. వద్దన్నా మానలేదు.

నేను త్యాగం దగ్గర ఆగాను. ఆవిడ అన్నం కలుపుతూ, "ఇల్లూ వాకిలీ వదిలేసినోళ్ళు కట్టే రంగు అందరికంటే పైన పెట్టారేంటండి? ఇల్లు చూసుకునేవోళ్ళు కిందా?" అంది.

"కింద ఉన్నది పంట అక్కా" అన్నాను.

"అదేనండి నేనంటుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మధ్యాహ్నమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కటింగ్ మాస్టారు మాత్రం, అర్థాలు నీకెందుకమ్మా, కొలతలు చూడు అన్నారు. చివరికి త్యాగం, ధైర్యం రెండూ రాసి అచ్చుకు పంపాను. ఎవరూ తప్పు పట్టలేదు. ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు.

ఎర్ర మరక

ఇక అసలు సంగతి. కాకినాడలో ఒక ఆఫీసుకు ప్రతి ఆగస్టుకూ మన దగ్గరి నుంచే నూలు జెండాలు వెళ్తాయి. ఆ ఏడు పండగ ఇంకా వారం ఉందనగా వీర్రాజు గారి ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. జెండా తెల్ల చార మీద, తాడు మడత పక్కన, ఎర్రటి మరక. గోరంత ఉంది. కానీ తెలుపు మీద ఎరుపు కదా, ఫొటోలో ఇంకేమీ కనబడదు.

ఆ ఫొటో ఆ ఆఫీసులో నాలుగు గ్రూపులు తిరిగాకే మన దగ్గరికి వచ్చింది. ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పారట. తెలుపు శాంతి కాబట్టి దాని మీద రక్తం గుర్తు పెట్టారని ఒకరు. ఎర్ర జెండా వాళ్ళ పని అని ఒకరు. కుంకుమ అయి ఉంటుంది, దేశం జెండాకి ఒక మతం బొట్టు పెడతారా అని ఇంకొకరు. నేను ఒక కాగితం రాయడానికి అన్ని తంటాలు పడితే, ఆ గోరంత మరకకు ఒక్క పూటలో అన్ని అర్థాలు పుట్టాయి. ఆ ఆఫీసు పెద్దాయన ఫోన్‌లో వీర్రాజు గారితో, జెండాను అవమానించడం నేరమని తెలుసా, ఎవరు చేశారో చెప్పకపోతే పైకి రాయాల్సి వస్తుంది అన్నారు. వీర్రాజు గారు నిలబడే మాట్లాడారు. పెట్టేశాక కూర్చున్నారు.

షెడ్డులో మిగిలిన జెండాలు నా బల్ల మీద వేసుకుని ఒక్కొక్కటీ చూశాను. పైకి ఏమీ లేదు. అప్పుడు తాడు మడత వేలితో తెరిచి లోపల చూశాను. తెల్ల చారకు ఎదురుగా, మడత లోపల, చిన్న పసుపు చుక్క. ఇంకో జెండా తెరిచాను. దానిలోనూ ఉంది. కొన్నిటిలో లేదు. ఉన్నవన్నీ ఒకే చేతి కుట్టు. ఆ కుట్టు నాకు పేరు రాసినంత స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడ నీకు చెప్పనక్కర్లేదు. మన ఇళ్ళలో కొత్త బట్ట ఎవరైనా ఒట్టిగా కట్టుకుంటారా? చొక్కా కాలరు వెనకో, చీర చెంగు మూలనో కాస్త పసుపు రాసి గానీ ఒంటి మీద వేసుకోం. తెల్ల బట్టయితే మరీనూ.

సత్యవతక్కను పక్కకు పిలిచి అడిగాను. ఏమీ దాచలేదు. వచ్చినప్పటి నుంచీ పెడుతున్నానంది. ఎవరికీ కనబడకుండా లోపల పెడుతున్నాను కదా, ఎండకు వారం రోజుల్లో పోతుంది కదా, ఇప్పుడేమొచ్చింది అని నన్నే అడిగింది. జెండా మీద ఏ గుర్తూ, ఏ రాతా ఉండకూడదని రూలు ఉందక్కా అన్నాను.

"మనం పంపేది ఎండలో, వానలో నిలబడ్డానికి కదండీ. ఇంట్లోంచి ఎవర్నన్నా ఒట్టి తెల్లబట్టతో పంపుతామా?"

నేను రూలు మళ్ళీ చెప్పాను.

ఆవిడ అన్నీ విని చివరికి ఒకే మాట అడిగింది. "నన్ను మానిపించేస్తారా అండి?" ఆవిడ భర్త మిల్లులో బస్తాలు మోసి నడుం పోగొట్టుకుని ఇంట్లో ఉంటున్నాడు. ఆ ఇంటికి ఈవిడ కుట్టు పనే ఆధారం. నాకు తెలియదక్కా అన్నాను. అది నిజం.

కాకినాడలో

పసుపు చుక్కల సంగతి చెప్పాక నన్ను కూడా రమ్మన్నారు వీర్రాజు గారు. కారులో దారి పొడుగునా ఆయన ఒకటే చెప్పారు. ఆడవాళ్ళు పొద్దున్నే వంట చేసి వస్తారు, చేతికి పసుపు ఉండిపోయి పొరపాటున అంటుకుంది, అలా చెప్పమన్నారు. "మీరు చదువుకున్నోరు, మీరు చెప్తే నమ్ముతారు" అన్నారు. సరేనన్నాను. అప్పుడు నిజంగానే సరే అనుకున్నాను.

ఆ పెద్దాయన బల్ల మీద జెండా పరిచి ఉంది. తలుపు దగ్గర అటెండరు నిలబడి ఉన్నాడు. బీరువాలో చెమ్మ వాసన పట్టిందని జెండాను సబ్బు పెట్టి ఉతికింది అతనే. రంగులు పోతాయేమోనని గట్టిగా జాడించకుండా, లోపల నీడలో ఆరేశాడు. అది వినగానే నాకు మొత్తం అర్థమైపోయింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రనవుతుందని పారాణి కలిపిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. సబ్బు కూడా ఆ జాతిదే. మడత లోపలి చుక్క తడికి బయటికి ఊరి ఎర్రబడిందన్నమాట.

నాకు చాలా తేలికగా అనిపించింది. ఆ తేలికలో మొదలుపెట్టాను. "సార్, పసుపులో ఒక రంగు పదార్థం ఉంటుందండి. క్షారం తగిలితే అది..."

"పాఠం వద్దమ్మా" అన్నారాయన. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ మరకను అరచేత్తో కప్పేశారు. "ఇది పైకెక్కేటప్పుడు కింద నిలబడేది నేను. ఎవడో ఫొటో తీస్తే ముందు పోయేది నేను. నాకు క్షారాలు చెప్తున్నారు మీరు."

నేను ఆగిపోయాను. కోపమనుకున్నాను ఆయనది. భయం అని తర్వాత, చాలా తర్వాత తెలిసింది.

మాటలతో పని కాదని ఒక నిమ్మకాయ తెప్పించమన్నాను. అటెండరు పరిగెత్తాడు. రెండు చుక్కలు పిండగానే ఎరుపు వెనక్కి పోయి పసుపు బయటికొచ్చింది. ఆయన వంగి చూశారు. వేలితో తాకి వాసన చూశారు. "పసుపే" అని కుర్చీలో కూలబడ్డారు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతటితో వచ్చేస్తామనుకున్నాను.

"పొరపాటున పడిందా? కావాలని పెట్టారా?" అని అడిగారు.

వీర్రాజు గారు నా వైపు చూశారు. చెప్పాల్సింది నాకు తెలుసు. నోటి చివర ఉంది.

"కావాలనే పెట్టిందండి" అన్నాను. "కొత్త బట్ట అని పెట్టింది. అవమానం అని కాదండి."

ఎందుకలా అన్నానో నాకు ఈరోజుకీ తెలియదు. అబద్ధం చెప్పలేని మనిషినేం కాదు నేను. ఆవిడ అన్నేళ్ళు పెట్టిన పసుపును చేతి మురికి అని చెప్పడానికి మనసొప్పలేదేమో. కానీ ఆ గొప్ప మనసుకు ఖరీదు కట్టింది నేను కాదు. ఆ పెద్దాయన జెండా మడిచి పక్కన పెట్టి, నేను పైకి రాయను, జెండాలు మార్చి పంపండి, కానీ ఆ మనిషి చెయ్యి ఇక మా జెండాల మీద పడకూడదు అన్నారు. వీర్రాజు గారు దండం పెట్టి ఒప్పుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నన్ను వెనక సీట్లో కూర్చోమన్నారు.

షెడ్డు మూలన బయటి ఆర్డర్లకు దిండు గలీబులు కుట్టే మిషను ఒకటుంది, మర్నాడు సత్యవతక్కను దాని దగ్గర కూర్చోబెట్టారు. దాని మీద పని ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు ఉండదు. ఆవిడ వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగి, "మీరు నిజమే చెప్పారంట కదండీ" అంది. అది మెచ్చుకోవడమా, ఎత్తిపొడుపా? నేను ఆవిడ మొహం చూశాను, గొంతు గుర్తు చేసుకున్నాను. తేల్చుకోలేకపోయాను.

బట్ట ఎప్పుడు జెండా అవుతుంది

తర్వాత కొన్నాళ్ళు నా బల్ల మీదకు వచ్చిన తాడు మడతలు ముడతలు పడి వచ్చాయి. వెనక్కి పంపితే కుట్టేవాళ్ళు విసుక్కునేవారు. మాస్టారు రోజూ సణిగేవారు. నేను మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని అందరినీ వేధించాను. అసలు బట్ట ఎప్పుడు జెండా అవుతుంది?

మూడు ముక్కలూ కలిపి కుట్టాక అన్నారు మాస్టారు. చక్రం పడ్డాక, అప్పటిదాకా అమ్మితే ఎవరు కొంటారు అన్నారు వీర్రాజు గారు. దిండు గలీబు కుడుతున్న సత్యవతక్కను అడిగితే, "ఎగిరాకండి. అప్పటిదాకా బట్టే" అంది. ముగ్గురూ మూడు చెప్పారు, కానీ ఒక్కటి మాత్రం ముగ్గురూ ఒప్పుకున్నారు. తాను విప్పినప్పుడు అది ఇంకా జెండా కాదు.

అందుకని అడిగాను. తెల్ల తాను రాగానే దాని అంచుకు పసుపు పెడితే? ఆ అంచు ఎలాగూ కోతలో పోతుంది. రూలుకు అడ్డం రాదు. వీర్రాజు గారు నా వంక వింతగా చూసి, చివరికి మాస్టారు సరేనంటే సరే అన్నారు. మాస్టారు ముడతల మడతలతో విసిగి ఉన్నారు కాబట్టి వెంటనే సరేనన్నారు. ఒప్పుకోవలసింది సత్యవతక్కే.

"కోసి పారేసేదానికి పెట్టమంటారా అండి?" అంది.

ఆవిడే గలీబు మిషను మీద నుంచి తీసి మడతపెట్టి, కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు అంది. "పెళ్ళికూతురికి నలుగు ముందే పెడతాం కదండీ. పందిట్లో పెట్టం కదా. కడిగేసుకునే వస్తది పీటల మీదకి."

ఆ సోమవారం ఆవిడ పాత మిషనుకు తిరిగి వచ్చింది. తెల్ల తాను విప్పే ముందు అంచుకు పసుపు రాసి, మాస్టారికి చెప్పేది. ఆయన కత్తెర పట్టేవారు. చెయ్యి పడకూడదని ఆఫీసు పెద్దాయనకు ఇచ్చిన మాట మాత్రం నన్ను తిననిచ్చేది కాదు. నేను గొడవ చేస్తే వీర్రాజు గారు జనవరి జెండాలు పంపే ముందు ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. జెండాలు చేరాక ఆయనే మళ్ళీ ఫోన్ చేసి, "మడతలన్నీ విప్పి చూశానండి. శుభ్రంగా ఉన్నాయి. ఎవరు కుట్టారో నేను అడగలేదు" అన్నారట.

ఈ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. నువ్వు చేరాక తెల్ల తాను మీద పసుపు కనబడితే కంగారు పడకు, అంచు దాటిందేమో మాత్రం చూడు. ఇది సరైనదేనా అని నన్ను అడగకు. రూలును గౌరవించామా, మోసం చేశామా, ఆవిడ నమ్మకాన్ని నిలబెట్టామా, కోసి పారేశామా అని నేను ఎటు తిప్పి చూసినా రెండు వైపుల చక్రమూ ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదు.

జుబ్బా

వీడు పుట్టాక సత్యవతక్క చూడటానికి వచ్చింది. కోతలో మిగిలిన తెల్ల ముక్కలు అడిగి తీసుకుని, కుట్టు ఒంటికి గుచ్చుకోకుండా బయటికి తిప్పి, జుబ్బా కుట్టి తెచ్చింది. మూలన చిన్న పసుపు చుక్క ఉంది. "ఇది జెండా కాదు కదండీ" అంది. ఈసారి ఎత్తిపొడుపే. నాకు ఆనందంగా అనిపించింది.

నేను మామూలుగానే భయస్తురాలిని. వీడు పుట్టాక మరీ పెరిగింది. తుమ్మితే థర్మామీటరు, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని ఆలోచన. మొన్న వీడికి స్నానం చేయించి, ఆ జుబ్బా మొదటిసారి సబ్బు నీళ్ళలో ముంచి తీశాను. మూలన ఎర్రటి మరక.

జుబ్బా కింద పడేసి వీడి దగ్గరికి పరిగెత్తాను. వేళ్ళు చూశాను, చెవుల వెనక చూశాను, బొడ్డు చూశాను. ఎక్కడ తెగిందో, ఎప్పటి నుంచి రక్తం పోతోందో తెలియడం లేదు. అత్తయ్యను ఎలా పిలిచానో గుర్తులేదు. ఆవిడ వచ్చింది, జుబ్బా తీసి చూసింది, నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏం కాలేదే. పసుపు."

అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. కాకినాడలో అంతమంది ముందు నిమ్మకాయ పిండి చూపించింది నేనే. అది ఎందుకు ఎర్రబడుతుందో కెమిస్ట్రీతో సహా మా ఇంట్లో తెలిసింది నాకు ఒక్కదానికే. ఆ తెలిసింది నాకేమీ పనికి రాలేదు. పనికొచ్చింది ఆ మొదటి ముక్క, ఏం కాలేదు అన్నది. బల్ల అవతల మరకను అరచేత్తో కప్పేసిన ఆ పెద్దాయన నాకు అప్పుడు కళ్ళ ముందు కనబడ్డారు.

జుబ్బా మళ్ళీ మళ్ళీ జాడించి ఆరేస్తే సాయంత్రానికి చుక్క పసుపు రంగుకు తిరిగొచ్చింది. రేపు మళ్ళీ తొడుగుతాను.

రంగుల గురించి నీకు ఇంతకంటే గట్టిగా చెప్పగలిగింది నా దగ్గర లేదు. కానీ ఏదో ఒకరోజు నీకూ ఫోన్ వస్తుంది. తెల్ల చార మీద ఏదో ఉందని, ఎవరో దానికి ఏదో అర్థం చెప్పారని, అవతల మనిషి అరుస్తుంటారు. నీకు కారణం వెంటనే తట్టవచ్చు. చదువుకున్నదానివి కాబట్టి చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. ఆగు. ముందు "ఏం కాలేదండి, కూర్చోండి" అను. వాళ్ళు కూర్చునేదాకా ఇంకేమీ మాట్లాడకు. నిమ్మకాయ ఆ తర్వాత.